పక్క ఆకాశం

దుప్పటికి ఆ చివర అత్త, ఈ చివర మేనకోడలు పిచ్చుక. మూలలు పట్టుకుని ఇద్దరూ వెనక్కి వాలి లాగారు. బట్ట ఫట్‌మని మోగింది. అత్త కనుబొమ్మ ఎత్తగానే ఇద్దరూ ఒకేసారి మడిచి, ఒకరివైపు ఒకరు నడిచారు. పిచ్చుక చేతిలోని అంచులు అత్త వేళ్లలోకి మారాయి. కిందికి జారిన మడతని పిచ్చుక వంగి అందుకుంది. రెండోసారి ఎదురుపడేసరికి ఇద్దరి నుదుళ్లూ తగిలినంత పనైంది.

"ఇది పైవాళ్లది," అంటూ అత్త దాన్ని పిట్టగోడ మీద ఒక పక్కన పెట్టింది.

"ఎలా తెలుస్తుంది అత్తా? అన్నీ తెల్లవేగా."

"పాల వాసన. మీ పిన్ని ఎంత ఉతికినా పోదు. అదిగో, అది మీ పెదనాన్నది. మోకాళ్ల నూనె."

"మరి మనది?"

అత్త తర్వాతి దుప్పటి తీగ మీంచి లాగి ముక్కుకు ఆనించుకుంది. "మీదా? మీ నాన్న బైండింగ్ జిగురు."

కింద వాటాలో పెదనాన్న, మధ్య వాటాలో నాన్న, పై వాటాలో బాబాయి. అత్తకి వాటా లేదు. అందుకని మూడు వాటాల్లోనూ పని ఉంది. ఆమె బట్టలు ఒక సంచీలో ఉంటాయి. ఎవరింట్లో అవసరం పడితే సంచీ అక్కడికి వెళ్తుంది. మెట్ల మీద ఆమె సంచీతో ఎదురైతే ఎవరైనా అడిగేది ఒక్కటే: "పైకా, కిందికా?" ఈ మధ్య సంచీ మధ్య వాటాలో, పిచ్చుక గదిలో, రెండో మంచం కింద ఉంటోంది. పొద్దున లేవగానే పక్క మంచం మీద అత్త వీపు కనిపించడం పిచ్చుకకి అలవాటైపోయింది. కాసేపు లేవకుండా, ఆ వీపు ఊపిరికి లేచి పడటం చూస్తూ ఉండేది.

పాపని భుజాన వేసుకుని బాబాయి డాబా మీదికి వచ్చాడు. అతనికి వేరే ఊరికి బదిలీ అయింది. నెలాఖరుకి వెళ్లాలి.

"అక్కా, నీ టికెట్టు కూడా తీసేస్తున్నాను. కిటికీ పక్కన కావాలా, నడవ పక్కన కావాలా?"

"డిక్కీలో పడెయ్యరా, సామాన్లతో పాటు."

"చూడు, నవ్వులాటకి కాదు. నువ్వు జోకొట్టకపోతే పాపకి నిద్ర పట్టదు."

"పాపకా, నీకా?"

"ఇద్దరికీ." బాబాయి పాపని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "ఆదివారం అన్నయ్యలతో కూర్చుని తేల్చేస్తాను. పెద్దన్నయ్య ఒప్పుకోడు. వదిన మోకాళ్లంటాడు. ఆ మోకాళ్లు మనం పుట్టకముందు నుంచీ ఉన్నాయి." అతను పిచ్చుకవైపు తిరిగాడు. "ఏంటే పిచ్చుకా, గుడ్లప్పగించి చూస్తున్నావు? మీ అత్తని ఎత్తుకుపోతున్నా."

పిచ్చుకకి మాటలు తక్కువ కాబట్టే బాబాయి ఎగతాళికి ఆ పేరు పెట్టాడు, అదే నిలిచిపోయింది. ఆమె దుప్పటి మూలలు చేతికిచ్చి అత్త ముఖం చూసింది. అత్త ముఖంలో ఏమీ లేదు. బొటనవేలితో మడత అంచుని ఈ కొస నుంచి ఆ కొసకి నొక్కుకుంటూ పోయింది, ఇస్త్రీ పెట్టె నడిచినట్టు.

ఆ సాయంత్రం పిచ్చుక నాన్న దగ్గరికి వెళ్లింది. నాన్న హాల్లో నేల మీద కూర్చుని ఒక లావుపాటి పుస్తకానికి అట్ట అతికిస్తున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, అతను చెయ్యి చాపినప్పుడు బ్రష్ అందించింది, గుడ్డ అందించింది.

"నాన్నా, అత్తని పంపించొద్దు."

నాన్న జిగురు చేతులతోనే తలెత్తాడు. "నువ్వు నోరు తెరిచి ఒకటి అడిగి ఎన్నాళ్లయిందే."

"ఇక్కడే ఉండాలి. పైకీ కిందికీ కూడా కాదు. మన దగ్గరే."

నాన్న అట్ట మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమురుతూ గాలిబుడగ ఒకటి అంచుదాకా తోసేశాడు. "మీ అమ్మకీ సాయంగా ఉంటుంది. సరేలే, ఆదివారం గట్టిగా చెప్తాను. ఇక్కడే ఉంచేద్దాం."

ఆ మాట పిచ్చుకకి ఎంత హాయిగా తోచిందంటే, తన గదిలోకి వెళ్లేదాకా మనసులో దాన్నే అనుకుంటూ వెళ్లింది. ఉంచేద్దాం.

మర్నాడు, పిచ్చుక ఖగోళ పరిశోధన చేసే సంస్థలో, గైడైన మేడం ఆమె వెనక నిలబడి, కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ, తెర మీదున్న బొమ్మని చాలాసేపు చూసింది.

బొమ్మలో నాలుగు గెలాక్సీలు ఉన్నాయి. ఆకాశంలో ఒకే చోట ఇరుక్కున్నట్టు, ఒకదాని అంచులో ఒకటి. ఒకటి చక్రంలా చుట్టుకున్నది. దాని చెయ్యి ఒకటి ఊడి, పక్కనున్న గుండ్రటిదాని వైపు తాడులా సాగింది. మూడోది నడుం దగ్గర వంగిపోయింది. నాలుగోది చిన్నది, దాని వెనక సన్నటి తోక. ప్రయోగశాలలో వీటిని తోడికోడళ్లు అంటారు. దూరంగా పోలేవు, కలిసి ఉండలేవు. పిచ్చుక పని వాటి మధ్య ఉన్న చీకటితో. అవి ఒకదాన్నొకటి లాక్కున్నప్పుడు ఊడిపోయిన నక్షత్రాలు ఆ మధ్యలో చెదిరి ఉండాలి. ఒక్కొక్కటిగా కనిపించవు గానీ అన్నీ కలిపి పలచని వెలుతురుగా తెలియాలి. ఆమె ఎన్నిసార్లు చూసినా అక్కడ ఏమీ లేదు. లేదనే రాసి మేడంకి ఇచ్చింది.

"ఈ మూల వెలుతురు ఎంతుందో చూడు," అంది మేడం.

పిచ్చుక బొమ్మ కుడిచేతి మూలలో, గెలాక్సీలకి దూరంగా ఉన్నచోట కర్సర్ పెట్టింది. అంకె వచ్చింది. దాని ముందు మైనస్ గుర్తు ఉంది.

"ఆ మూల?"

అక్కడా మైనస్సే.

"సున్నా కంటే తక్కువ వెలుతురు ఎక్కడిదే అమ్మాయ్? ఏమీ లేనిచోట ఏమీ లేకుండా ఉండాలి గానీ, ఇంకా లోతుకెలా పోయింది?"

పిచ్చుక చెవులు వేడెక్కాయి. ఆకాశం నిజంగా ఎప్పుడూ నల్లగా ఉండదు. దానికీ సొంత వెలుతురు కొంత ఉంటుంది. ప్రతి బొమ్మలోంచీ దాన్ని కొలిచి తీసెయ్యాలి. దానికోసం ఖాళీగా ఉన్న చోట ఒక చిన్న గడి గీస్తారు. అందులో ఉన్నంత వెలుతురు బొమ్మ అంతట్లోంచీ పోతుంది. గడి దగ్గర్లోనే గియ్యాలని ఆమె నేర్చుకుంది, ఎందుకంటే దూరం పోయేకొద్దీ ఆకాశం మారుతుంది. ఒంటరి గెలాక్సీలకి ఎప్పుడూ అలాగే చేసింది, ఎప్పుడూ బాగానే వచ్చింది.

"గడి ఎక్కడ పెట్టావు?"

పిచ్చుక చూపుడువేలు తెరకి ఆనించింది. నాలుగింటికీ నడుమ, నల్లగా, నున్నగా ఉన్న చోట.

మేడం కళ్లజోడు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. "దీపం కిందే చీకటి అంటారు. నువ్వు దీపాల మధ్యకెళ్లి, ఉన్న కాస్త వెలుగూ ఊడ్చేసి, చీకటిగా ఉందని రాశావు."

"ఖాళీ అనుకున్నాను మేడం."

"అందరూ అనుకునేది అదే." మేడం గొంతులో కోపం లేదు. "గడి దూరంగా పెట్టి కొలవాలి. కానీ ఈ బొమ్మలో చాలినంత దూరం లేదు, ఆ వెలుతురు ఎంతదాకా పాకిందో మనకి తెలీదు. మళ్లీ చూడాలి. గురువారం చీకటి పడ్డాక టెలిస్కోప్ మీద మనకి కొంచెం టైముంది. అందులో సగం తోడికోడళ్ల మీద పెట్టు. సగం పూర్తిగా పక్కకి తిప్పు. ఎవరూ లేని ఆకాశం చూడు."

"సగమా?"

"సగమే. ఇక్కడ ఎంతసేపో అక్కడా అంతసేపు. ప్రాణం ఉసూరుమంటుంది. అయినా తిప్పు."

బుధవారం తిరిగివస్తూ పిచ్చుక బస్‌స్టాప్ వెనక సందులోకి మళ్లింది. ముందు రోడ్డు తవ్వేశారు. సందులో రెండు మరమ్మతు దుకాణాలు, ఒక జెరాక్స్, ఆ పక్కన అద్దాల తలుపున్న కుట్టు దుకాణం. దుకాణంలోంచి ఎవరో నవ్వుతున్నారు. గొంతు చివర్లో పట్టు తప్పి కీచుగా వెళ్లే నవ్వు. పిచ్చుక దాటిపోయింది. ఏదో అనిపించి నాలుగడుగులు వెనక్కి వచ్చింది.

పొడుగాటి బల్ల మీద నీలం గుడ్డ పొరలు పొరలుగా పరిచి ఉంది. బల్ల దగ్గర అత్త నిలబడి ఉంది. ఒక మోకాలు బల్ల అంచుకి ఆనించి, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, పెద్ద కత్తెరతో పొరలన్నిటినీ ఒక్కసారే కోస్తోంది. కత్తెర నోరు పూర్తిగా మూయకుండానే ముందుకి తోస్తోంది. గుడ్డ రెండుగా విడిపోతూ పక్కలకి వాలుతోంది. చంక వంపు దగ్గర కత్తెర ఆగలేదు, అత్తే బల్ల చుట్టూ తిరిగింది. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

ఉదయం ఆమె కుట్టు మిషన్ బెల్టు కొనడానికి వెళ్తున్నానని చెప్పింది.

మిషన్ దగ్గర కూర్చున్న పొడుగాటావిడ పిచ్చుకని ముందు చూసింది. "ఎవరమ్మా? లోపలికి రా, కొలతలకా?"

అత్త తలెత్తింది. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కానీ కత్తెర ఆగింది. "మా మేనకోడలే, పొడుగూ."

"చుక్కల పిల్లా? రావే రా. మీ అత్త నీ గురించి తప్ప ఇంకోటి మాట్లాడదు. కూర్చో. ఆ గుడ్డల మూట మీద కాదు, అది ఆర్డరు." పొడుగావిడ స్టూలు కాలితో తోసింది. "నువ్వైనా చెప్పు దీనికి. నేను పక్కూళ్లో పెద్ద షెడ్డు తీసుకున్నా. బడిపిల్లల బట్టలు కుట్టేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. కోసేవాళ్లు దొరకరు. గుడ్డ పాడుచెయ్యకుండా కోసే చెయ్యి ఇంకోటి చూపించు నాకు. పైన గది ఉంది, కిటికీ ఉంది, బల్ల దీనికి రెండింతలు. సోమవారం నుంచి పని. ఈవిడేమో ఆదివారం తేలనీ, ఆదివారం తేలనీ అంటుంది. వాళ్లు తేల్చేదేంటే? కాళ్లు నీవి కావూ?"

"ఊరుకోవే."

"ఊరుకునే ఇలా అయ్యావు."

అత్త సుద్దముక్క చెవి మీంచి తీసి గుడ్డ మీద అక్కర్లేని గీత ఒకటి గీసింది. పిచ్చుకని చూడకుండా అడిగింది. "నువ్వేమంటావే?"

పిచ్చుకకి నాన్న మాట గుర్తొచ్చింది. ఇంకా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట. అత్తకి ఇప్పుడు చెప్పచ్చనిపించింది.

"నువ్వేం బెంగపడకు అత్తా. నేను నాన్నతో మాట్లాడాను. బాబాయితో వెళ్లక్కర్లేదు, కిందికీ వెళ్లక్కర్లేదు. నిన్ను మన దగ్గరే ఉంచేస్తానన్నాడు. నా గదిలోనే."

పొడుగావిడ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

అత్త తల ఊపింది. రెండుసార్లు ఊపింది. "అలాగా. మంచి పని చేశావు." కత్తెర మళ్లీ గుడ్డలోకి దిగింది. ఈసారి దాని నోరు ప్రతిసారీ పూర్తిగా మూసుకుంది. టక్, టక్ అని వినిపించింది. కాసేపటికి అత్త తలెత్తకుండానే అంది, "చీకటి పడుతుంది, నువ్వు పద. నేను ఈ వరస కోసి వస్తాను."

ఇంటికి నడిచే దారంతా పిచ్చుక ఆ సంతోషాన్ని మళ్లీ తెచ్చుకోవాలని చూసింది. రాలేదు.

గురువారం ఆకాశం తేటగా ఉంది. టెలిస్కోప్ ఎక్కడో కొండ మీద. పిచ్చుక కూర్చునేది సంస్థలో, మూడు తెరల ముందు. కొండ మీది ఆపరేటర్ గొంతు స్పీకర్‌లో వినిపిస్తుంది. సూర్యుడు దిగిపోయి పడమర ఎరుపు ఆరిపోగానే తోడికోడళ్లు తెర మీదికి వచ్చాయి. బూడిదరంగులో నాలుగు మసక ముద్దలు. శుభ్రం చేయని పచ్చి బొమ్మలో అవి అంతే ఉంటాయి. అయినా వాటిని చూడగానే ప్రతిసారీ ఆమె కుర్చీలో ముందుకి జరుగుతుంది. దూరం నుంచి వచ్చే బస్సులో తెలిసినవాళ్ల ముఖం వెతికినట్టు.

మొదటి విడత అయింది. "ఇప్పుడు పక్కకి తిప్పండి," అని అంకెలు చెప్పింది.

కొండ మీద గుమ్మటం తిరిగిన చప్పుడు స్పీకర్‌లో సన్నగా వినిపించింది. తర్వాత ఆపరేటర్ గొంతు. "ఇక్కడేం లేదండీ."

"తెలుసండీ."

"ఒకటి రెండు చిన్న చుక్కలున్నాయి. అంతే. అంకెలు సరిగ్గానే చెప్పారా?"

"అదే కావాలి."

"సరే మరి." అన్నాడు ఆపరేటర్. "ఎక్కడెక్కడివాళ్లో అర్జీలు పెట్టుకుని ఈ టెలిస్కోప్ కోసం ఎదురుచూస్తారు. వచ్చాక దాన్ని ఖాళీలో పెట్టించుకున్నది మీరొక్కరే. పెళ్లిచూపులకెళ్లి గోడ చూసినట్టుంది."

పిచ్చుకకి నవ్వొచ్చింది. కానీ కిటికీలోంచి చూస్తే పడమట అంచున మబ్బు కనిపించింది. ఉపగ్రహం బొమ్మలోనూ ఉంది, కొండవైపే జరుగుతోంది. గెలాక్సీలు దిగిపోతున్నాయి. ఇప్పుడే వెనక్కి తిప్పితే ఇంకో విడత దొరుకుతుంది. ఖాళీ బొమ్మ సగంలో ఉంది.

"తిప్పమంటారా?" అన్నాడు ఆపరేటర్, ఆమె మనసు విన్నట్టు.

చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఉంచండి. అయ్యేదాకా ఉంచండి."

తెర మీద చూడటానికి ఏమీ లేదు కాబట్టి కళ్లు వాటంతట అవే నిన్నటి దుకాణానికి వెళ్లాయి. బల్ల చుట్టూ తిరిగిన అత్త. ఇంట్లో ఆ చేతుల్లో ఎప్పుడూ ఎవరిదో ఒకరిది ఏదో ఉంటుంది. పాప గిన్నె, పెద్దమ్మ నూనె సీసా, నాన్న చొక్కా, పిచ్చుక జడ. ఏ వాటాలో చూసినా ఆ వాటా మనిషిలాగే ఉండేది. ఆ నవ్వు ఈ మూడు వాటాల్లో ఎక్కడా వినలేదు. ఇన్నేళ్లూ అత్తని దగ్గర్నుంచే చూసింది. ఇల్లంతా తీసేస్తే ఎంత మిగులుతుందో ఎప్పుడూ చూడలేదు.

ఉంచేద్దాం అన్న మాట మళ్లీ గుర్తొచ్చింది. సామాన్ల గురించి కూడా అలాగే అంటారు.

మబ్బు వచ్చేలోగా ఇటు రెండు విడతలు, అటు రెండు విడతలు దొరికాయి.

శనివారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. పక్క ఆకాశాన్ని కొలిచి, అంతమేరకే తీసేసి, బొమ్మలన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చింది. తెర మీద ముందు నాలుగు గెలాక్సీలు వచ్చాయి. తర్వాత, తెర వెలుగు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే, వాటి చుట్టూ, వాటి మధ్య, అద్దం మీద ఊపిరి ఊదితే పట్టే ఆవిరిలాంటిది ఒకటి నిలిచింది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చెప్పలేం. మూలల్లో మైనస్ పోయింది. మొదట గడి పెట్టిన చోటే అది అన్నిటికంటే చిక్కగా ఉంది.

మేడం వచ్చి చూసింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. పిచ్చుకకి అది మెచ్చుకోలు కంటే ఎక్కువనిపించింది.

పొద్దు వాలుతుండగా అత్త మెట్ల మీద కూర్చుని పెదనాన్న చొక్కాకి గుండీ కుడుతోంది. పిచ్చుక కింది మెట్టు మీద కూర్చుని ఫోన్‌లో బొమ్మ చూపించింది. అత్త సూది గుడ్డలో గుచ్చి పెట్టి ఫోను రెండు చేతులతో అందుకుంది.

"ఇవేనా నీ తోడికోడళ్లు? ఈ మధ్యలో పొగలా ఉన్నదేంటే?"

"నక్షత్రాలే అత్తా. ముందు ఈ నాలుగింట్లోనూ ఉండేవి. ఇప్పుడు దేన్లోనూ లేవు. మధ్యలో ఉన్నాయి."

"ఊడిపోయాయా, లాగేశాయా?"

"లాగేశాయి. అంటే, వాటిని లాగాలని కాదు. ఒకదాన్నొకటి లాక్కుంటుంటే ఇవి వచ్చేశాయి."

అత్త బొమ్మని దగ్గరికి తెచ్చుకుంది. "మరి ఎటు పోతాయి?"

"ఎటూ పోవు. ఆ నాలుగూ వదలవు. అక్కడక్కడే తిరుగుతుంటాయి."

"ఎన్నాళ్లూ?"

"మనం లెక్కపెట్టలేనన్నాళ్లు."

అత్త ఫోను తిరిగి ఇచ్చింది. సూది తీసుకుంది కానీ కుట్టలేదు. మెట్ల కిటికీలోంచి వీధి కనిపిస్తుంది. ఎవరో సైకిల్ మీద ఈల వేసుకుంటూ పోతున్నారు. ఈల వినిపించినంతసేపూ అత్త అటే చూసింది. అది వినపడటం మానేశాక కూడా చూసింది.

పిచ్చుక నోరు తెరిచింది. వెళ్లు అత్తా, అనాలనుకుంది. ఉండాలి అన్నప్పుడు అంత తేలిగ్గా వచ్చిన మాట ఇప్పుడు రాలేదు. ఆ పక్క మంచం, పొద్దున కనిపించే ఆ వీపు కళ్ల ముందుకొచ్చాయి.

పెదనాన్న కింది నుంచి కేకేశాడు. "గుండీ అయిందా చెల్లాయ్?"

"అయింది అన్నయ్యా," అంది అత్త, సూది పైకి లాగుతూ.

ఆదివారం భోజనాలయ్యాక అందరూ మధ్య వాటా హాల్లో చేరారు. పెదనాన్న పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. బాబాయి పాపని మోకాలి మీద ఊపుతున్నాడు. అమ్మ నాన్న పక్కన. అత్త టీ ఇచ్చి వంటింటి గుమ్మం దగ్గర ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడింది.

"నేను చెప్పేది వినండి," అన్నాడు బాబాయి. "అక్క నాతో వస్తుంది. ఏడాది చాలు. పాప కాస్త నిలదొక్కుకున్నాక తెచ్చి దిగబెడతాను."

"తెచ్చి దిగబెట్టడానికి అదేమన్నా పెట్టెనా?" అన్నాడు పెదనాన్న. "మీ వదిన వాకిలి మెట్టు కూడా దిగలేకపోతోంది. చెల్లాయి కిందే ఉంటుంది."

"పోనీ ఆర్నెల్లు నీకు, ఆర్నెల్లు నాకు."

"ఇద్దరూ ఆగండి," అన్నాడు నాన్న. "చెల్లాయి ఇక్కడే ఉంటుంది. నేను మాటిచ్చేశాను."

"ఎవరికి?"

"పిచ్చుకకి. దీని చూపు చుక్కల్లో ఉన్నా కోరిక నేల మీదే ఉంది. అత్త కావాలంది."

బాబాయి నవ్వాడు. "నీకెందుకన్నయ్యా? నీ ఇంట్లో పసిపిల్లలున్నారా, ముసలాళ్లున్నారా?"

"ముసలాళ్లెవర్రా ఇక్కడ?" అన్నాడు పెదనాన్న.

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది, పెదవులతో. పిచ్చుకకి ఆ నవ్వుకీ దుకాణంలోని నవ్వుకీ మధ్య ఎంత దూరముందో తెలిసింది.

"అత్తని అడిగారా?" అంది.

మెల్లగానే అంది. కానీ ఆమె మాట్లాడటమే వింత కాబట్టి అందరూ విన్నారు.

"అడిగేదేముందే?" అంది అమ్మ. "ఇన్నాళ్లూ అడక్కపోతే ఉండలేదా?"

"నేనూ అడగలేదు. అడక్కుండానే నాన్నతో చెప్పాను. నాన్నా, నాకిచ్చిన మాట నువ్వు వెనక్కి తీసేసుకో."

నాన్న టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని ఆమెని చూశాడు. పిచ్చుక వంటింటి గుమ్మంవైపు తిరిగింది. రెండు చేతులూ మోకాళ్ల మీద నొక్కిపెట్టింది.

"అత్తా, నీకెక్కడ ఉండాలనుంది?"

పాప బాబాయి చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది. ఎవరూ దాన్ని లాగలేదు.

అత్త అందరినీ ఒకసారి చూసింది. పెద్దన్నయ్యని, చిన్నన్నయ్యని, వదినని, తమ్ముణ్ని, పాపని. పిచ్చుక దగ్గర చూపు ఆగింది. పళ్లెం బల్ల మీద పెట్టింది. తువ్వాలుకి చేతులు తుడుచుకుంది. పిచ్చుక గదిలోకి వెళ్లి సంచీతో వచ్చింది. పిచ్చుక పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, ఆమె భుజం మీదున్న దారప్పోగు రెండువేళ్లతో తీసి కింద పడేసింది. చెప్పులు వేసుకుని తలుపు దాటింది.

"చూశారా?" అన్నాడు బాబాయి. "నోటితో చెప్పదు. పైకి వెళ్తోంది. అక్క మా పార్టీ."

మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగింది.

పెదనాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "పైకి కాదురా నాయనా, కిందికి. మీ వదినకి నూనె రాసే వేళైంది. దానికి తెలీదూ."

చప్పుడు కింది వాటా తలుపు దగ్గరికి చేరింది. అక్కడ ఆగలేదు. బయటి గేటు గడియ పడింది.

పెదనాన్న తల పక్కకి వంచి వింటూ ఉండిపోయాడు. నాన్న గ్లాసు కింద పెట్టాడు. "ఎక్కడికి వెళ్తోంది?" అంది అమ్మ. ఎవరిని అడిగిందో ఆమెకే తెలీదు.

పిచ్చుక కిటికీ దగ్గరికి వెళ్లింది. అత్త వీధి అంచున బస్‌స్టాప్ వైపు నడుస్తోంది, పిలిస్తే వినపడేంత దగ్గరలో. పిచ్చుక కిటికీ చువ్వని పట్టుకుని నోరు గట్టిగా మూసుకుంది. మలుపు దగ్గర ఒక బండి ఎదురొచ్చింది. అత్త ఆగి దానికి దారిచ్చింది. అది వెళ్లిపోయాక రోడ్డు దాటింది.